సన్నరంపం కథ: చేతి నుంచి చేతికి

మన పెన్షనర్ మిత్రులలో చాలామంది చిన్నప్పుడు బడిలో క్రాఫ్టు పీరియడు చూసినవారే. నూలు వడకడం, అట్టలు కట్టడం, తోటపనితో పాటు కొన్ని బడులలో వడ్రంగం కూడా ఉండేది. ఆ వడ్రంగం గదిలో గోడకు ఒక చిత్రమైన పనిముట్టు వేలాడుతుండేది. గుర్రపు లాడం ఆకారంలో ఒక ఇనుప చట్రం, దాని రెండు కొనల మధ్య బిగించిన దారమంత సన్నని బ్లేడు. దానిని ఫ్రెట్ రంపం అనేవారు. చెక్కను నిలువునా అడ్డంగా కోసే మామూలు రంపం కాదిది. తీగలు, పువ్వులు, నెమళ్లు, అక్షరాలు, ఏ వంపు కావాలంటే ఆ వంపు తిరిగేది. దీనికే తరువాత కాళ్ల తొక్కుడు, ఆపై కరెంటు మోటారు వచ్చి స్క్రోల్ సా అయింది.

ఈ పనిముట్టు చరిత్ర కొంచెం తరచి చూస్తే ఒక సంగతి తెలుస్తుంది. వడ్రంగం ఏ దేశంలోనైనా కుటుంబంలోనో, గురువు దగ్గరో భద్రంగా దాచుకున్న విద్య. ఈ సన్నరంపం పని మాత్రం ఔత్సాహికుల చేతిలోకి వచ్చిన తరువాత, నమూనాలు ఒకరికొకరు ఇచ్చుకోవడం వల్లనే పెరిగింది, బతికింది. ఆ కథ మన వయసువారికి పనికివస్తుందని ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

పని ఎలా సాగుతుంది

ముందు పని తీరు తెలిస్తే కథ తేలికగా అర్థమవుతుంది. బ్లేడు సుమారు అయిదంగుళాలు ఉంటుంది. నమూనా గీసిన కాగితాన్ని పలచటి చెక్క మీద అంటిస్తారు. లోపలి భాగం తొలగించవలసిన చోట చిన్న బెజ్జం వేసి, బ్లేడును ఒక కొన దగ్గర ఊడదీసి, ఆ బెజ్జంలోంచి దూర్చి, మళ్లీ బిగిస్తారు. ఇక గీత వెంట కోసుకుంటూ పోవడమే. ఎన్ని కిటికీలు ఉంటే అన్నిసార్లు ఊడదీసి బిగించాలి. చేతి రంపమైతే పళ్లు కిందివైపు ఉండేటట్లు బిగించి, మధ్యలో త్రికోణపు గంటు కొట్టిన పీట మీద చెక్క పెట్టి, రంపాన్ని పైకీ కిందికీ ఆడిస్తారు. యంత్రమైతే బ్లేడు ఉన్నచోటనే ఆడుతుంది, మనం చెక్కను తిప్పుతాం.

ఇందులో ఇంకొక సౌకర్యం ఉంది. పలచటి చెక్కలు మూడో నాలుగో దొంతరగా పేర్చి, కదలకుండా అంటించి, ఒకేసారి కోయవచ్చు. ఒక్క కోతకు నాలుగు బొమ్మలు వస్తాయి. ఈ దొంతర కోతను గుర్తు పెట్టుకోండి. మన కథకు ఇదే మూలం.

రాజుగారి కొలువులో

ఈ విద్యను శిఖరానికి చేర్చినవాడు ఫ్రాన్సు దేశపు ఆంద్రే షార్ల్ బూల్. ఈయన 1642లో పుట్టి 1732లో మరణించాడు. పద్నాలుగో లూయీ రాజు ఇతనికి 1672లో లూవ్ర్ రాజభవనంలోనే నివాసం ఇచ్చాడు. దానితో పారిస్ వృత్తి సంఘాల కట్టుబాట్లు ఇతనికి వర్తించకుండా పోయాయి.

బూల్ పద్ధతి ఇది. ఒక ఇత్తడి రేకు, ఒక తాబేటి చిప్ప పొర తీసుకొని దొంతర పెట్టి, రెండింటినీ కలిపి సన్నరంపంతో కోసేవాడు. ఇత్తడి పువ్వు తీసి చిప్పలోని ఖాళీలో పొదిగితే ఒక పలక తయారయ్యేది. చిప్పలో కోసిన పువ్వు ఇత్తడిలోని ఖాళీలో పొదిగితే రెండో పలక. ఒక్క కోతలో రెండు అలంకారాలు, ఏదీ వృథా కాదు. ఇతని పేరు మీదనే ఇంగ్లీషువారు ఈ రంపాన్ని చాలాకాలం బూల్ రంపం అని పిలిచారు.

బూల్‌కు బొమ్మలు సేకరించడమంటే పిచ్చి. మహా చిత్రకారుల రేఖాచిత్రాలు, అచ్చు చిత్రాలు అప్పు చేసి మరీ కొనేవాడు. 1720లో అతని కార్ఖానాకు నిప్పంటుకుంది. తయారైన సామానుతో పాటు ఆ సేకరణలో అత్యధిక భాగం కాలి బూడిదయింది. ఒకే ఇంట్లో, ఒకే మనిషి దగ్గర ఉన్న సంపద ఒక్క అగ్గికి పోయింది.

ముక్కలైన దేశపటం

తరువాతి మలుపు లండన్‌లో జరిగింది. 1760 దశకంలో జాన్ స్పిల్స్‌బరీ అనే దేశపటాల తయారీదారు పటాన్ని పలచటి మహాగని చెక్క మీద అంటించి, సరిహద్దుల వెంట కోసి అమ్మాడు. పిల్లలు ఆ ముక్కలు కూర్చుకుంటూ భూగోళం నేర్చుకునేవారు. ఇంగ్లండు రాజు మూడో జార్జి పిల్లలకు కూడా ఇటువంటి పటాలతోనే పాఠాలు చెప్పారు. మన మనుమలు నేడు అట్టముక్కలతో ఆడుకునే జిగ్‌సా పజిల్‌కు ఇదే ముత్తాత. జిగ్‌సా అనేది నిజానికి రంపం పేరు. ఆట వచ్చిన నూరేళ్లకు పైగా గడిచాక గానీ ఆ పేరు ఆటకు అంటలేదు.

ఇంటింటికీ వచ్చిన రంపం

పంతొమ్మిదో శతాబ్దం మధ్యలో అమెరికాలో ఆవిరి యంత్రాలతో నడిచే రంపాలు వచ్చాయి. ఇళ్ల చూరులకు, వసారాలకు చెక్కతో లేసు అల్లినట్లు అలంకారాలు చేయడం వాడుకైంది. ఇళ్ల నమూనాల పుస్తకాలు అచ్చయ్యాయి. ఆండ్రూ జాక్సన్ డౌనింగ్ 1850లో వెలువరించిన గ్రామీణ గృహాల పుస్తకం అందులో పేరు పొందినది. ఎక్కడో పల్లెలో ఉన్న వడ్రంగి కూడా పుస్తకం చూసి పని చేయగలిగాడు.

1870 తరువాత కుట్టుమిషను లాగా కాలితో తొక్కే చిన్న రంపపు యంత్రాలు వచ్చాయి. ఇల్లినాయ్ రాష్ట్రంలోని రాక్‌ఫర్డ్‌లో బార్న్స్ సోదరుల కంపెనీ ఇటువంటి యంత్రాలకు ప్రసిద్ధి. వీటి వల్ల గుమాస్తాలు, ఉపాధ్యాయులు, ఇల్లాళ్లు, బడి పిల్లలు కూడా ఇంట్లో కూర్చొని గోడ అరలు, గడియారపు పెట్టెలు, ఫొటో చట్రాలు చేసుకున్నారు. ఇటలీలోని సొరెంటో పట్టణపు చెక్కపని పేరు మీద దీనిని సొరెంటో పని అని కూడా అన్నారు. వృత్తివారిది కాస్తా వేడుకగా చేసుకునేవారిది కూడా అయింది.

పెన్నీ పత్రిక చేసిన మేలు

మన కథలో అసలైన ఘట్టం ఇంగ్లండులో నార్‌ఫోక్ ప్రాంతపు డెరెహామ్ అనే చిన్న ఊరిది. 1895 అక్టోబరులో అక్కడి కంపెనీవారు ‘హాబీస్’ అనే వారపత్రిక ప్రారంభించారు. వెల ఒక పెన్నీ. స్త్రీ పురుషులిద్దరికీ అని పత్రిక మీదనే చెప్పుకున్నారు. పత్రికతో పాటు చెక్క మీద అంటించి కోసుకోవడానికి తయారుగా ఉన్న నమూనా కాగితం ఉచితంగా ఇచ్చేవారు.

ఇందులో వ్యాపార సూత్రం ఉందనడంలో సందేహం లేదు. కాగితం ఊరకనే ఇచ్చి, దానికి కావలసిన చెక్క, బ్లేడ్లు, తొక్కుడు యంత్రం అమ్ముకున్నారు. కొలత ప్రకారం కోసిన చెక్కలు పోస్టులో పంపేవారు. అయితే జరిగిన మేలు వ్యాపారాన్ని మించినది. అంతవరకు నమూనా సంపాదించాలంటే ఎవరి దగ్గరో శుశ్రూష చేయాలి, లేదా ఖరీదైన పుస్తకం కొనాలి. ఇప్పుడు బొగ్గుగని కార్మికుడి కొడుకు చేతికి కూడా నమూనా వచ్చింది. ఒకే వారం ఎన్నో ఊళ్లలో ఎందరో అదే బొమ్మ కోస్తున్నారు. ఒకరికి ఎక్కడ బ్లేడు విరిగిందో ఇంకొకరికీ అక్కడే విరుగుతుంది. మాట్లాడుకోవడానికి ఒక విషయం దొరికింది. పాఠకులను కలుపుతూ హాబీస్ లీగ్ అనే సంఘం కూడా ఏర్పడింది, దానికి ఒక బ్యాడ్జి ఉండేది. ఇలా ఆ పత్రిక రెండు ప్రపంచ యుద్ధాలను దాటి 1960 దశకం వరకు నడిచింది.

కష్టకాలంలో అక్కరకు వచ్చింది

వేడుకగా నేర్చుకున్న పని కూడు పెట్టిన సందర్భం కూడా ఉంది. 1929 తరువాత అమెరికాను పట్టిన ఆర్థిక మాంద్యంలో, 1933 నాటికి ప్రతి నలుగురు పనివారిలో ఒకరికి ఉద్యోగం లేదు. ఉద్యోగం పోయిన ఆర్కిటెక్టులు, వడ్రంగులు, ఇంకా ఎందరో తమ ఇళ్లలోని చిన్న రంపాలు దుమ్ము దులిపి ప్లైవుడ్ మీద చిత్రాలు అంటించి పజిళ్లు కోశారు. వాటిని అమ్మారు, కొనలేనివారికి అద్దెకు ఇచ్చారు. మందుల దుకాణాలలో, గ్రంథాలయాలలో పజిళ్లు అద్దెకు దొరికేవి. అదే సమయంలో అచ్చుతో కత్తిరించిన చవక అట్ట పజిళ్లు కూడా వచ్చి, 1933 తొలి నెలల్లో వారానికి కోటి వరకు అమ్ముడుపోయాయని అంచనా. అట్టవి చవకైనా చెక్క పజిల్ కోరేవారు ఉండనే ఉన్నారు. నిన్నటి కాలక్షేపం ఆనాడు కొన్ని ఇళ్లలో పొయ్యి వెలిగించింది.

ఆ తరువాత

కరెంటు మోటారుతో ఇంటి వాడకానికి తగిన రంపాలను అమెరికాలో డెల్టా వంటి కంపెనీలు వ్యాప్తిలోకి తెచ్చాయి. 1970 దశకంలో జర్మనీ నుంచి వచ్చిన హెగ్నర్ రంపం మరొక మెట్టు. బ్లేడు పైకి పోయినా కిందికి వచ్చినా ఒకే బిగువులో ఉండేటట్లు రెండు చేతులను సమాంతరంగా అమర్చారు. దానితో బ్లేడు విరగడం తగ్గి, చాలా సున్నితమైన పని సాధ్యమైంది. పాతబడిపోయిందనుకున్న అభిరుచి మళ్లీ లేచింది. పాట్రిక్ స్పీల్‌మన్ వంటి రచయితలు నమూనాల పుస్తకాలు వరుసగా వెలువరించారు. 2000లో అమెరికాలో కేవలం ఈ పని కోసమే ఒక పత్రిక కూడా మొదలైంది. మళ్లీ చూడండి, యంత్రం వెంట నమూనా, నమూనా వెంట స్నేహం.

మన దిక్కున

మన దేశంలో జాలీ పని రాతిలోను, చెక్కలోను ఎంతో పాతది. సన్నరంపంతో చేసే పనికి మనకు దగ్గరలో ఉన్న గొప్ప ఉదాహరణ మైసూరు. రోజ్‌వుడ్‌లో పొదిగే రంగురంగుల చెక్క ముక్కలను అక్కడి పనివారు ఈ రంపంతోనే కోస్తారు. 1912లో పూర్తయిన మైసూరు రాజభవనంలో రోజ్‌వుడ్ తలుపులకు దంతం పొదిగిన పని చూసినవారికి ఆ నైపుణ్యం తెలుస్తుంది. దంతం వ్యాపారాన్ని నిషేధించిన తరువాత పొదుగు పనిలో వేరే వస్తువులు వచ్చాయి. బెంగుళూరు పాత బంగళాల కిటికీల మీద చెక్క జాలీ కప్పులు కూడా ఇటువంటి కోతపనికి గుర్తులే.

మన కొండపల్లి బొమ్మలకు తెల్లపొణికి చెక్క, ఉలి ముఖ్యం. పద్ధతి వేరు. కానీ వారి దగ్గర నేర్చుకోదగినది ఒకటుంది. రంపపు పొట్టును చింతగింజల పిండితో కలిపి మక్కు చేసి అతుకులు పూడుస్తారు. మన కోతలో పొరపాటున పడిన గంట్లకు కూడా ఆ మక్కు బాగా పనిచేస్తుంది.

ఒక కట్ట నమూనాలు

ఇక చరిత్ర చాలించి ఒక సంగతి చెప్పి ముగిస్తాను. మా కాలనీలో ఒక మిత్రుడు ఉండేవారు. పదవీ విరమణ తరువాత ఫ్రెట్ రంపం పట్టి పన్నెండేళ్లు పని చేశారు. నమూనాలన్నీ స్వయంగా గ్రాఫ్ కాగితం మీద గీసుకున్నవే. గుడి గోపురాలు, ముగ్గులు, అంచు చీరల మీది హంసలు. ఒకసారి చూపించండి మాస్టారూ అని ఎన్నిసార్లు అడిగినా, ‘ఇంకా చెయ్యి కుదరలేదండీ, బాగా వచ్చాక చూపిస్తాను’ అనేవారు. అది గర్వం కాదు, మొహమాటం. ఆయన పోయిన ఏడాదికి ఇల్లు సర్దుతూ పిల్లలు ఆ కాగితాల కట్టను పాత పేపర్లతో పాటు తూకానికి వేశారు. వారి తప్పేమీ లేదు, అవి ఏమిటో వారికి ఎవరూ చెప్పలేదు. కోసిన బొమ్మలు రెండు మూడు మాత్రం గోడ మీద మిగిలాయి. వాటిని చూసినప్పుడల్లా నాకు బూల్ కార్ఖానా అగ్గి గుర్తుకు వస్తుంది. డెరెహామ్ కాగితాలు మాత్రం, ఊరూరా పంచబడ్డాయి గనుక, నూరేళ్లు దాటినా ఎవరో ఒకరి అటకమీద ఇంకా దొరుకుతున్నాయి.

కాబట్టి మిత్రులారా, చెక్కపనే కానక్కరలేదు. అల్లిక కావచ్చు, ముగ్గు కావచ్చు, ఊరగాయ కొలత కావచ్చు. మీ దగ్గర ఉన్నది బాగా వచ్చేదాకా ఆగకండి. సన్నరంపం పట్టదలచినవారికి నా సలహా ఇంతే. మొదట మూడు మిల్లీమీటర్ల ప్లైవుడ్‌తో, తిన్నని గీతలతో మొదలుపెట్టండి. బ్లేడు విరిగితే చిన్నబుచ్చుకోకండి, అందరికీ విరుగుతుంది. ముక్కుకు గుడ్డ చాలదు, మంచి మాస్కు కట్టుకోండి, పొట్టు ఊపిరితిత్తులకు మంచిది కాదు. వేరొకరి నమూనా వాడితే వారి పేరు వెనుక రాయండి.

అన్నిటికంటే ముఖ్యం, కోసేటప్పుడు నాలుగు చెక్కలు దొంతర పెట్టండి. ఒకటి మీ గోడకు. ఒకటి మనుమడికో మనుమరాలికో. ఒకటి పక్కింటివారికి. నాలుగోది, దాని నమూనా కాగితంతో సహా, వచ్చే సర్వసభ్య సమావేశానికి పట్టుకురండి. బల్ల మీద పరిచి పెడదాం. ఎవరికి నచ్చింది వారు తీసుకుపోతారు.