కంప్యూటర్‌లో జాగా నిండిపోయిందా? ఫొటోలు డిలీట్ చేసే ముందు ఇవి చూడండి

కొత్తగా ఏమీ ఎక్కించలేదు. అయినా ల్యాప్‌టాప్‌లో సీ డ్రైవ్ ఎర్రగా మారి, జాగా లేదంటోంది. ఇలాంటప్పుడు చాలా ఇళ్లలో ముందు వేటు పడేది నికాహ్ వీడియోల మీద, పిల్లల ఫొటోల మీద. కానీ జాగా తినేది చాలాసార్లు అవి కాదు. విండోస్ 10, 11 కంప్యూటర్లలో అసలు సంగతి ఇలా తెలుసుకోవచ్చు.

లెక్కలో తేడా ఎందుకు?

512 జీబీ డ్రైవ్ కొంటే కంప్యూటర్‌లో సుమారు 476 జీబీయే కనిపిస్తుంది. ఇది మోసం కాదు. తయారీదారులు 1000 చొప్పున లెక్కిస్తారు, విండోస్ 1024 చొప్పున లెక్కిస్తుంది. అలాగే సీ డ్రైవ్‌లోని ఫోల్డర్లన్నీ సెలెక్ట్ చేసి ప్రాపర్టీస్ చూస్తే, డ్రైవ్ చూపించే దానికంటే తక్కువ వస్తుంది. దాచి ఉంచిన సిస్టమ్ ఫైళ్లు ఆ లెక్కలోకి రాకపోవడమే కారణం.

ఎక్కడ చూడాలి?

సెట్టింగ్స్‌లో సిస్టమ్, అందులో స్టోరేజ్ తెరవండి. దేనికి ఎంత పోయిందో అక్కడే ఉంటుంది. ఫోల్డర్ల వారీగా కావాలంటే విన్‌డిర్‌స్టాట్ అనే ఉచిత ప్రోగ్రామ్ పెద్ద ఫైళ్లను బొమ్మలా చూపిస్తుంది.

దొరికే దొంగలు

టెంపరరీ ఫైళ్లు: స్టోరేజ్‌లోనే తీసేయొచ్చు. అయితే ఆ జాబితాలో డౌన్‌లోడ్స్ ఫోల్డర్ కూడా ఉంటుంది. సర్టిఫికెట్లు, టికెట్లు అందులో ఉంటే దానికి టిక్ పెట్టొద్దు.

పాత విండోస్: పెద్ద అప్‌గ్రేడ్ తర్వాత పాత విండోస్ కాపీ మామూలుగా 10 రోజులు ఉండి, తర్వాత దానంతట అదే పోతుంది. ముందే తీసేస్తే పాత వెర్షన్‌కు తిరిగి వెళ్లలేరు.

రీస్టోర్ పాయింట్లు: సిస్టమ్ ప్రొటెక్షన్‌లో వీటికి ఎంత జాగా ఇవ్వాలో తగ్గించుకోవచ్చు.

హైబర్నేషన్, పేజ్ ఫైల్: ఇవి కొన్ని జీబీలు పట్టేస్తాయి. విండోస్‌కు అవసరమైనవి, చేత్తో డిలీట్ చేయబోవద్దు.

రీసైకిల్ బిన్: డిలీట్ చేసినవి ముందు ఇందులోకే వెళ్తాయి. ఖాళీ చేసేదాకా జాగా రాదు. ఖాళీ చేసే ముందు ఒకసారి చూసుకోండి.

వన్‌డ్రైవ్‌తో జాగ్రత్త

వన్‌డ్రైవ్ ఫోల్డర్‌లో ఫొటో డిలీట్ చేస్తే ల్యాప్‌టాప్‌లోనే కాదు, ఆన్‌లైన్‌లో నుంచి కూడా పోతుంది. జాగా మాత్రమే కావాలంటే ఫైల్ మీద రైట్ క్లిక్ చేసి ‘ఫ్రీ అప్ స్పేస్’ నొక్కండి. ఫైల్ ఆన్‌లైన్‌లో భద్రంగా ఉంటుంది, ఇంటర్నెట్ ఉన్నప్పుడు తెరుచుకోవచ్చు.

ఇవన్నీ చూశాక కూడా జాగా రోజురోజుకూ తగ్గుతూనే ఉంటే, యాంటీవైరస్‌తో పూర్తి స్కాన్ చేయండి. ఏ ప్రోగ్రామ్ ఫోల్డర్ పెరుగుతోందో రెండు మూడు రోజులు గమనించండి.

చివరగా ఒక మాట. విండోస్‌ను మళ్లీ ఎక్కించుకోవచ్చు. అబ్బాజాన్ పాత ఫొటో పోతే మళ్లీ రాదు. ఏది తీసేసే ముందైనా ఇంటి ఫొటోలు, కాగితాల స్కాన్లు ఒక ఎక్స్‌టర్నల్ డిస్క్‌లోకి కాపీ చేసి, అవి తెరుచుకుంటున్నాయో లేదో చూసుకోండి. ఆ తర్వాతే డిలీట్ బటన్ నొక్కండి.