స్పీచ్ థెరపిస్టా, పాథాలజిస్టా, లోగోపెడా? దేశానికో పేరు, పేరుకో పని

పిల్లాడికి మూడేళ్లొచ్చినా మాట రాకపోతే మన దగ్గర "స్పీచ్ డాక్టర్‌కి చూపించండి" అంటారు. నిజానికి ఆ స్పీచ్ డాక్టర్ ఎంబీబీఎస్ చదివినవారు కాదు. ఈఎన్‌టీ డాక్టర్ వేరు, వీరు వేరు. బోర్డు మీద ఒకచోట స్పీచ్ థెరపిస్ట్ అని, ఇంకోచోట స్పీచ్ లాంగ్వేజ్ పాథాలజిస్ట్ అని, మరోచోట ఆడియాలజిస్ట్ అని రాసుంటుంది. పాథాలజీ అంటే రక్త పరీక్షల ల్యాబే గుర్తొస్తుంది కాబట్టి, రెండో బోర్డు చూసి వెనక్కి తిరిగిపోయేవాళ్లూ ఉంటారు. ఇక కుటుంబం దుబాయ్‌కో, జెద్దాకో, షికాగోకో మారితే పేరు మళ్లీ మారుతుంది. పేరుతో పాటు ఆ మనిషి చదివిన చదువు, ఏం చేయొచ్చు ఏం చేయకూడదు అన్న హద్దు కూడా మారిపోతాయి. అందుకే ఈ పేర్ల లెక్క ఒకసారి చూద్దాం.

ముందు పని సంగతి. మాట ఆలస్యం కావడం, నత్తి, గొంతు బొంగురుపోవడం, అంగిలి చీలికకు ఆపరేషన్ అయ్యాక మాట ముక్కులోంచి రావడం, పక్షవాతం తర్వాత మాట పడిపోవడం, ఇవన్నీ ఈ వృత్తి కిందకే వస్తాయి. చాలామందికి తెలియనిది ఇంకోటుంది: మింగడం. స్ట్రోక్ వచ్చిన మనిషికి నీళ్లు తాగితే పొరబోతుంటే, ఏది తినిపించాలి, ఎలా కూర్చోబెట్టి తినిపించాలి అని చూసేది కూడా వీరే. థెరపీ అంటే పిల్లలతో బొమ్మలు పెట్టి మాట్లాడించడమే అనుకుంటే సగం పని కనపడదు.

ఇండియాలో ఈ చదువు మొదలైన తొలి చోట్లలో మైసూరు ఒకటి. 1965లో అక్కడ పెట్టిన సంస్థే ఇప్పటి ఆల్ ఇండియా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ స్పీచ్ అండ్ హియరింగ్. మాట, వినికిడి రెండూ ఆ పేరులోనే ఉన్నాయి. మన డిగ్రీ కూడా అంతే. బీఏఎస్‌ఎల్‌పీ అంటే బ్యాచిలర్ ఆఫ్ ఆడియాలజీ అండ్ స్పీచ్ లాంగ్వేజ్ పాథాలజీ. ఇంటర్ సైన్స్ తర్వాత నాలుగేళ్లు, అందులో చివరి ఏడాది ఇంటర్న్‌షిప్. ఇది పాసైనవారు చెవి పరీక్ష చేయొచ్చు, హియరింగ్ ఎయిడ్ సెట్ చేయొచ్చు, మాటకు థెరపీ కూడా ఇవ్వొచ్చు. పీజీలో మాత్రం దారులు విడిపోతాయి: ఆడియాలజీ ఒకవైపు, స్పీచ్ లాంగ్వేజ్ పాథాలజీ ఇంకోవైపు. మన దగ్గర సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో ముంబైలోని అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థకు ప్రాంతీయ కేంద్రం ఉంది. జిల్లాల్లో పిల్లల కోసం ప్రభుత్వం పెట్టిన డీఈఐసీ కేంద్రాల్లోనూ ఆడియాలజిస్ట్ కమ్ స్పీచ్ థెరపిస్ట్ అనే పోస్టు ఉంటుంది. అది ఒకే మనిషి, రెండు పనులు.

ఈ డిగ్రీతో పాటు ఏడాది డిప్లొమా ఒకటుంది, డీహెచ్‌ఎల్‌ఎస్ అంటారు. ఇది చేసినవారు సహాయకులుగా, పైవారి పర్యవేక్షణలో పని చేయడానికి తయారైనవారు. తప్పేం లేదు, మంచి పనివాళ్లు చాలామంది ఉన్నారు. కానీ బోర్డు మీద ఇద్దరికీ "స్పీచ్ థెరపిస్ట్" అనే ఉంటే ఫీజు కట్టే తల్లిదండ్రులకు తేడా ఎలా తెలుస్తుంది? నేను చదివింది కామర్స్, నాకు అర్థమైన భాషలో చెప్తాను. టాక్స్ కన్సల్టెంట్ అని ఎవరైనా బోర్డు పెట్టుకోవచ్చు, ఆడిట్ రిపోర్టు మీద సంతకం పెట్టాలంటే మాత్రం సీఏ అయ్యుండాలి. ఇక్కడ ఆ సీఏ నంబర్ లాంటిదే ఆర్‌సీఐ రిజిస్ట్రేషన్. రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా చట్టం 1992లో వచ్చింది. ఆ కౌన్సిల్ రిజిస్టర్‌లో పేరు లేకుండా ప్రాక్టీస్ చేయడం నేరం. శిక్ష ఏడాది వరకు జైలు, లేదా వెయ్యి రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. ఆ వెయ్యి రూపాయలు ఒక్క రోజు థెరపీ ఫీజుకు ఎంత దూరంలో ఉందో మీరే చూసుకోండి. కాబట్టి నంబర్ అడగడం మన పనే. అడిగితే మర్యాద తప్పినట్టేం కాదు, సరైనవారు రిపోర్టు మీదే రాసిస్తారు.

బ్రిటన్‌లో వీరి పేరు స్పీచ్ అండ్ లాంగ్వేజ్ థెరపిస్ట్. కింగ్ జార్జ్ నత్తి మీద వచ్చిన "ది కింగ్స్ స్పీచ్" సినిమా చూసినవారికి లయొనెల్ లోగ్ గుర్తుంటాడు. ఆయన ఆస్ట్రేలియా నుంచి వచ్చినవాడు, డాక్టర్ చదువు చదవలేదు. అప్పటికి ఈ వృత్తికి గట్టి రూపం లేదు. 1945లో కాలేజ్ ఆఫ్ స్పీచ్ థెరపిస్ట్స్ ఏర్పడింది, దాని వ్యవస్థాపకుల్లో లోగ్ కూడా ఉన్నాడు. "లాంగ్వేజ్" అన్న మాట పేరులోకి చాలా తర్వాత వచ్చి చేరింది. ఇప్పుడక్కడ ఈ టైటిల్‌కు చట్టం కాపలా ఉంది. హెచ్‌సీపీసీ రిజిస్టర్‌లో లేనివారు ఆ పేరు పెట్టుకోకూడదు. చెవి పరీక్షలు చేసే ఆడియాలజిస్టులు వేరే వృత్తి, వేరే చదువు.

అమెరికాలో పేరు స్పీచ్ లాంగ్వేజ్ పాథాలజిస్ట్, పొట్టిగా ఎస్‌ఎల్‌పీ. 1925లో అక్కడి సంఘం మొదలైనప్పుడు దాని పేరులో "స్పీచ్ కరెక్షన్" అని ఉండేది, అంటే మాట సరిదిద్దడం. ఇప్పుడు మాస్టర్స్ డిగ్రీ లేకుండా ఎస్‌ఎల్‌పీ కాలేరు. దాని మీద పర్యవేక్షణలో క్లినికల్ గంటలు, ఏ రాష్ట్రంలో పని చేస్తే ఆ రాష్ట్రం లైసెన్సు. ఆడియాలజిస్ట్‌కైతే డాక్టరేట్ స్థాయి చదువు. ఇంకో సంగతి, అక్కడ ఎస్‌ఎల్‌పీల్లో దాదాపు సగం మంది స్కూళ్లలో పని చేస్తారు. అందుకే అక్కడికెళ్లిన మనవాళ్లు ఆస్పత్రి వెతుక్కునే ముందు పిల్లల స్కూల్లో అడగాలి. అర్హత ఉన్న పిల్లలకు ప్రభుత్వ స్కూల్లో ఈ సేవ ఉచితం.

ఆస్ట్రేలియాలో స్పీచ్ పాథాలజిస్ట్ అంటారు. బ్యాచిలర్ డిగ్రీతోనూ వృత్తిలోకి రావచ్చు. డాక్టర్లు, నర్సులు, ఫిజియోలు ఉండే ప్రభుత్వ రిజిస్ట్రేషన్ పద్ధతిలో ఈ వృత్తి లేదు, సంఘమే సభ్యులకు సర్టిఫికెట్ ఇస్తుంది. పక్కనే న్యూజిలాండ్, అక్కడ మళ్లీ థెరపిస్టే.

ఇంగ్లిష్ దాటి వెళ్తే కథ ఇంకా మారుతుంది. ఫ్రాన్స్‌లో ఆర్తోఫోనిస్ట్, అయిదేళ్ల చదువు. చదవడం, రాయడం రాని పిల్లలే కాదు, లెక్కలు బుర్రకెక్కని పిల్లలు కూడా అక్కడ వీరి దగ్గరకే వెళ్తారు. మన దగ్గర అదే పిల్లాణ్ణి స్పెషల్ ఎడ్యుకేటర్ దగ్గరకు పంపుతారు. జర్మనీలో లోగోపెడె, మూడేళ్ల వృత్తి శిక్షణ సంప్రదాయం, డాక్టర్ చీటీ మీద థెరపీ. గొంతు, మాట సమస్యలకు అక్కడ ఫోనియాట్రిక్స్ అనే వైద్య విభాగమే ఉంది, దాంట్లో ఉండేది నిజమైన డాక్టర్లే. రష్యాలో లోగోపెడ్ అంటే ఎక్కువగా టీచర్ల వైపు మనిషి, చదువు కూడా బీఈడీ లాంటి సంస్థల్లోనే. బ్రెజిల్‌లో మాత్రం మన పద్ధతే కనిపిస్తుంది: ఫోనోఆడియాలజీ, మాట, వినికిడి ఒకే వృత్తి, 1981 చట్టంతో గుర్తింపు. జపాన్‌లోనూ ఒకే లైసెన్సులో రెండూ ఉంటాయి.

గల్ఫ్‌లో బోర్డులు అరబీలో ఉంటాయి. ఉర్దూ వచ్చినవారికి ఇవి కష్టం కాదు. "నుత్ఖ్" అంటే మాట, ఉర్దూలోనూ అదే. "తఖాతుబ్" అంటే ఒకరితో ఒకరు మాట్లాడుకోవడం, మనం వాడే "ముఖాతిబ్" దాని చుట్టమే. "అఖిస్సాయీ" అంటే స్పెషలిస్ట్, "ఖాస్" అన్న మాట పుట్టిన వేరే దానిదీ. సౌదీలో ఇది గౌరవానికి అనే మాట కాదు, లైసెన్సులో హోదా. డిగ్రీ ఉంటే స్పెషలిస్ట్, డిప్లొమా అయితే టెక్నీషియన్ వైపు పెడతారు. ఈజిప్టు డాక్టరు దగ్గర "తఖాతుబ్" బోర్డు కనిపిస్తే ఆయన నిజంగానే ఎండీ కావచ్చు, ఎందుకంటే అక్కడ ఫోనియాట్రిక్స్ వైద్య విభాగం.

మన అమ్మాయిలు, అబ్బాయిలు బీఏఎస్‌ఎల్‌పీ చేసి బయటికి వెళ్దామనుకుంటే ఇక్కడే చిక్కు. అమెరికా, కెనడా, బ్రిటన్, ఐర్లాండ్, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ సంఘాల మధ్య పరస్పర గుర్తింపు ఒప్పందం ఉంది, ఇండియా దాంట్లో లేదు. అమెరికాకు మాస్టర్స్ తప్పదు. బ్రిటన్‌లో ఇంగ్లిష్ పరీక్ష మిగతా వృత్తులకు ఐఈఎల్‌టీఎస్ 7 అయితే వీరికి 8 కావాలి. మాట సరిచేసేవారి మాట మీద అంత పట్టు మరి. గల్ఫ్‌కైతే సర్టిఫికెట్ల డేటాఫ్లో పరిశీలన ఉంటుంది, కాలేజీ నుంచే రుజువు చేయించుకుంటారు. కాబట్టి అడ్మిషన్ ముందే ఆ కాలేజీ కోర్సుకు ఆర్‌సీఐ గుర్తింపు ఏ ఏడాది వరకు ఉందో చూసుకోవాలి. ఫీజు కట్టాక చూస్తే లాభం లేదు.

ఇంట్లో ఉర్దూ, వీధిలో తెలుగు, స్కూల్లో ఇంగ్లిష్ ఉన్న మన పిల్లల విషయంలో "రెండు భాషలు ఆపేయండి" అని చెప్పేవాళ్లుంటారు. రెండు మూడు భాషలు వినడం వల్ల మాట ఆలస్యం కాదు. పిల్లాడికి వచ్చిన అన్ని భాషల్లోనూ చూశాకే సమస్య ఉందో లేదో చెప్పాలన్నది అమెరికా, బ్రిటన్ సంఘాలు తమ సభ్యులకు చెప్పే మాట. థెరపిస్ట్‌కు దక్కనీ రాకపోతే అమ్మనో, నానీనో పక్కన కూర్చోబెట్టుకుని చూడమని అడగండి.

థెరపీ మధ్యలో దేశం మారేవారు ఇక్కడి నుంచి ఇంగ్లిష్‌లో రిపోర్టు రాయించుకుని వెళ్లాలి. అందులో సమస్య పేరు, చేసిన పరీక్షలు, వాటి తేదీలు, ఏ భాషలో చేశారు, ఎన్ని సెషన్లు అయ్యాయి, చెవి పరీక్ష ఫలితం, రాసినవారి ఆర్‌సీఐ నంబర్ ఉండాలి. చెవి పరీక్ష కాగితం విడిగా పెట్టుకోండి. అక్కడ దాన్ని చూసేది వేరే మనిషి.