బరువు బాణము – ఇద్దరు సాక్షులు

ప్రాచీన భారతదేశపు విలుకాండ్రను గురించి యవన, రోమక గ్రంథములలో రెండు ముఖ్యమైన సాక్ష్యములు మిగిలినవి. రెండును నిడుపైన బాణమును గురించినవే గాని, తీర్పులకు పొత్తు కుదరదు. క్రీ. శ. రెండవ శతాబ్దమున ఆరియన్ తన 'ఇండికా'లో, అలెగ్జాండరు నౌకాధిపతియైన నియార్కసు మాటను ఆధారము చేసికొని, భారతీయుని విల్లు మనిషియెత్తు ఉండుననీ, దాని క్రిందికొనను నేలకు ఆనించి ఎడమకాలితో అదిమిపట్టి నారిని లాగుదురనీ, ఆ దెబ్బను డాలు గాని కవచము గాని ఆపజాలవనీ వ్రాసినాడు. రోమక చరిత్రకారుడు కర్టియసు ఇందుకు విరుద్ధముగా పలికినాడు. బాణమునకు తేలికదనమే బలమట. వీరి బాణములు బరువెక్కి చెడినవట. విడుచుటకు శ్రమ మెండు, ఫలితము కొద్ది అట.

ఎవరిని నమ్మవలెననుటకు ముందు కొలతను తేల్చుకొనవలె. ఆరియన్ చెప్పినది మూడు మూరలకు కొంచెము తక్కువ. గ్రీకుల 'పేఖుస్' మోచేతినుండి వ్రేలికొన వరకు గల కొలత, అనగా మన మూరయే. 1877లో వెలువడిన మెక్‌క్రిండిల్ ఆంగ్లానువాదములో అది మూడు గజములైనది. ఒక్క మాట మారుటతో బాణము రెట్టింపు పెరిగినది. మనిషియెత్తు వింటిలో తొమ్మిదడుగుల బాణమును సంధించుట ఎట్లో ఆ అనువాదకుడు ఊహించినట్లు లేదు. తెలుగు చేయువానికి ఈ చిక్కు రానక్కరలేదు. మూర మన పూలమ్మి చేతిలో ఇంకను బ్రతికియే యున్నది.

కర్టియసు చెప్పిన పొడవు రెండు మూరలు. ఇది మన శాస్త్రమునకు దగ్గరగా ఉన్నది. పదునాలుగవ శతాబ్దపు శార్ఙ్గధరపద్ధతిలోని ధనుర్వేద ప్రకరణము బాణమునకు రెండు హస్తములలో ఒక పిడికిలి తగ్గించి పొడవు చెప్పి, లావు చిటికెనవ్రేలంత ఉండవలెనన్నది. రెల్లు ఏరుటలో దాని పట్టుదల చూడదగినది. మిక్కిలి లావు పనికిరాదు, మిక్కిలి సన్నము పనికిరాదు. పండనిది, చెడునేలలో మొలచినది, కణుపు చాలనిది, చీలినది విడువవలె. కణుపు నిండి, బాగుగా ముదిరి, పాలిపోయిన పసుపురంగు తిరిగినదానిని తగిన కాలమున కోసి తేవలె. ఇది చేయి తిరిగినవాని అనుభవమే గాని పండితుని కల్పన కాదు. ఆపైన బరువు ఎచ్చట ఉండవలెనన్న విచారణ. ముందువైపు లావైనది స్త్రీ, వెనుకవైపు లావైనది పురుషుడు, అంతటను సమమైనది నపుంసకము. మొదటిది దూరము పోవును, రెండవది గట్టిదానిని భేదించును, మూడవది గురి నేర్చుకొనుటకు. అనగా మంచి బాణమేదని కాక, ఏ పనికి ఏ బాణమని అడిగినారు.

కర్టియసు ఈ ప్రశ్న వేయలేదు. ఒకే వింటినుండి విడిచినప్పుడు తేలిక బాణము వడిగా బయలుదేరునన్నది నిజమే. కాని బరువు బాణము వింటి శక్తిని ఎక్కువగా గ్రహించును, గాలిలో వేగమును తక్కువగా పోగొట్టుకొనును, తగిలినచోట లోతుగా దిగును. దూరము తగ్గును, చొరవ పెరుగును. నేడు క్రాస్‌బోతో పెద్ద మృగములను వేటాడు అమెరికావారు బాణమును గ్రెయిన్లలో తూచి చూచుకొను లెక్కయు ఇదియే.

ఈ లెక్కకు తుదిమెట్టు నారాచము. అంతయు ఇనుమే, దానికి అయిదు వెడల్పు ఈకలు కట్టవలెననీ, అది ఏ కొందరికో గాని సిద్ధింపదనీ ఆ గ్రంథమే హెచ్చరించినది. తెలుగున అది నారసమైనది. అమ్ము, తూపు, కోల, నారసము అని ఛందస్సు అడిగిన మాటనెల్ల వాడుకొని మన కవులు దాని బరువును దించివేసినారు. అనువాదకులము మనమును 'బాణము' అని వ్రాసి దాటిపోవుచున్నాము. ఇనుపకోలకును రెల్లుకోలకును భేదము తెలియని పాఠకునికి, నారాచము తగిలిన వీరుడు ఎందుకు కూలెనో ఎట్లు తెలియును?

కర్టియసును పూర్తిగా త్రోసివేయుటకును వీలులేదు. క్రీ. పూ. 326లో వితస్తాతీరపు యుద్ధమును వర్ణించుచు అతడే అసలు కారణమును బయటపెట్టినాడు. ఆ విల్లును నేలకు ఆనించనిదే నిడుపైన బరువుబాణము చక్కగా సంధింపబడదు. నాడు వానకు నేల జారుచుండెను. పౌరవుని విలుకాండ్రు కాలూని గురిచూచులోపల శత్రువులు మీద పడినారు. తప్పు బురదది, వ్యవధి చాలమిది. కర్టియసు దానిని బరువునకు అంటగట్టినాడు.

కొద్ది నెలలకే మాలవుల కోటలో అలెగ్జాండరు గోడ దుమికి ఒంటరిగా చిక్కినాడు. ఇచ్చట బురద లేదు, దూరమును లేదు. ఒక మాలవుని బాణము కవచమును చీల్చుకొని రొమ్మున దిగినది. వైద్యులు ముందుగా కట్టెను కోసివేసి, ములికికి కొక్కెములుండుటచే గాయమును వెడల్పు చేసి గాని దానిని తీయలేకపోయినారు. ఈ ఘట్టమును వ్రాయునప్పుడు కర్టియసు ఆ బాణపు పొడవును చెప్పుట మరువలేదు: రెండు మూరలు.