అమ్మ వాటా

కడుపుతో ఉన్న పేద ఆడవాళ్ళకు మంచి తిండి అందిస్తే తల్లీబిడ్డల ఆరోగ్యం ఎలా మారుతుందో చూద్దామని బయల్దేరిన ఒక సంఘం, అందరికంటే పేద ఇళ్ళను మాత్రం ముందే పక్కన పెట్టేసింది. 1909లో లండన్‌లో జరిగిన సంగతి ఇది. సంఘం పేరు ఫేబియన్ విమెన్స్ గ్రూప్. వాళ్ళ లెక్క సూటిగా ఉంది. భర్త సంపాదన వారానికి 26 షిల్లింగులు దాటితే ఆ ఇంటికి మన సాయం అక్కర్లేదు. 18 షిల్లింగుల కంటే తక్కువైతే, తల్లికీ బిడ్డకీ అని ఇచ్చింది వాళ్ళిద్దరి దగ్గర ఆగదు, ఇల్లంతా పంచుకుంటుంది. అందుకని మధ్యలో ఉన్నవాళ్ళనే తీసుకుందాం.

మాడ్ పెంబర్ రీవ్స్ 1913లో వేసిన ‘రౌండ్ అబౌట్ ఎ పౌండ్ ఎ వీక్’ పుస్తకంలో మొదట్లోనే ఈ వివరం వస్తుంది. ఏదో పద్ధతి గురించిన చిన్న మాటలా కనిపిస్తుంది కానీ, పట్నంలో పేదవాళ్ళ తిండి గురించి తర్వాత వందేళ్ళు నడిచిన చర్చంతా దాంట్లోనే ఉంది. ఇంటికి ఎంత తిండి వస్తోంది అనేది ఒక ప్రశ్న. ఇంట్లో ఎవరి కంచంలోకి ఎంత వెళ్తోంది అనేది వేరే ప్రశ్న. మొదటి దానికి జవాబు దొరికినంత మాత్రాన రెండోది తెలిసిపోదు.

లాంబెత్ అంటే థేమ్స్ నదికి దక్షిణాన ఉన్న పేట. ఈ పుస్తకంలోని మగవాళ్ళు తాగి పడిపోయేవాళ్ళు కారు. బండి తోలేవాళ్ళు, కూలీలు, రోజూ పనికెళ్ళి జీతంలో చాలా భాగం ఇంటికి తెచ్చేవాళ్ళే. సంఘం మనుషులు వారం వారం ఇంటికెళ్ళి కూర్చుని ఖర్చు లెక్కలు రాయించుకున్నారు. చదువు రాని తల్లులకు భర్తో పెద్దబిడ్డో రాసిపెట్టేవారు. ఒక పౌనుకు 20 షిల్లింగులు. అద్దెకే ఏడెనిమిది పోయేవి. ఆ తర్వాత బొగ్గు, గ్యాసు, సబ్బు, బిడ్డలు చనిపోతే పాతిపెట్టడానికని వారానికి తలా ఒక పెన్నీ బీమా. ఇవన్నీ తీసేశాక మిగిలినదే తిండికి. అద్దె తగ్గదు, బొగ్గు ధర తగ్గదు. తగ్గించుకోగలిగింది తిండి ఒక్కటే.

ఆ తిండిలో ముఖ్యమైనది రొట్టె. రొట్టెకు పొయ్యి అక్కర్లేదు, గిన్నె అక్కర్లేదు, పిల్లల చేతికిస్తే వాళ్ళే తింటారు. తర్వాత బంగాళదుంపలు, టీ. మాంసం కొనేది ప్రధానంగా మగవాడి కోసం. ఆదివారం అతను ఇంట్లో ఉంటాడు కాబట్టి ఆ రోజు పెద్ద వంట. మిగిలిన ముక్క సోమవారం అతనికే. పిల్లలకు దుంపలు, వాటి మీద కాస్త మాంసం రసం. తల్లికి మిగిలితే ఉంది, లేకపోతే రొట్టె, టీ.

ఇక్కడ భర్తను దుర్మార్గుణ్ణి చేసెయ్యడం తేలిక. రీవ్స్ అలా చెయ్యలేదు. పైగా ఆ రోజుల్లో పెద్దమనుషులు పేద తల్లులకు వంట రాదని, తెలివితక్కువగా ఖర్చు పెడతారని, అందుకే పిల్లలు చచ్చిపోతున్నారని అనేవారు. రొట్టె బదులు ఓట్స్ జావ ఎందుకు చెయ్యరని అడిగేవారు. జావ కాయాలంటే మాడకుండా కాగే గిన్నె ఉండాలి, పక్కన నిలబడి కలిపే తీరిక ఉండాలి, పైన పోసుకోడానికి పాలూ చక్కెరా ఉండాలి. ఇవేవీ లేని ఇంట్లో జావ ఎవరూ ముట్టరు. అంటే ఆ తల్లులకు లెక్క రాక కాదు, ఆ లెక్క వాళ్ళకంటే బాగా ఎవరికీ రాదు. ఆ లెక్కలో మగవాడి శరీరం ఇంటికి ఉన్న ఒకే ఒక్క ఆదాయం. అతను బరువులు మొయ్యలేకపోతే శనివారం జీతం లేదు. జీతం లేకపోతే అద్దె లేదు. కాబట్టి ముందు అతనికి పెట్టాలి. తర్వాత పిల్లలకి. ఈ వరుసలో ఎక్కడో ఒకచోట తగ్గించాలి కదా, ఆ తగ్గింపు తన కంచంలో చేసుకునేది.

ఇదే సంగతి అంతకు పదేళ్ళ ముందు సీబోమ్ రౌంట్రీ యార్క్ పట్నంలో చూశాడు. 1899లో ఇల్లిల్లూ తిరిగి సర్వే చేయించి, 1901లో పుస్తకం వేశాడు. ఊరి జనాభాలో 27.84 శాతం పేదరికంలో ఉన్నారని తేల్చాడు. ఆ అంకె చాలామందికి తెలుసు. అంత పేరు రానిది అందులో ఒక ఇల్లాలు చెప్పిన మాట. పిల్లలకు బూట్లు కొనాల్సి వస్తే ఆ రోజు తనూ పిల్లలూ మధ్యాహ్నం తిండి మానేస్తారనీ, భర్త మాత్రం ఎప్పటిలాగే తిండి కట్టుకుని పనికెళ్తాడనీ, ఈ సంగతి అతనికి చెప్పనేలేదనీ ఆవిడ అంటుంది. ఆ చివరి ముక్కే అసలైనది. ఇంట్లో ఉన్న మనిషికే తెలియని లోటు సర్వేకి ఎలా తెలుస్తుంది?

రౌంట్రీ కూడా తిండి అవసరాన్ని కెలోరీల్లో లెక్కగట్టాడు. అమెరికన్ శాస్త్రవేత్త ఆట్‌వాటర్ కొలతల ప్రకారం మగవాడి అవసరం 1 అనుకుంటే ఆడమనిషిది 0.8. ఇంట్లో మనుషులందరినీ ఇలా కలిపేసి, ఇంటికి ఇంత తిండి కావాలి అని చెప్పొచ్చు. నేను ఉద్యోగంలో రోజంతా సగటులు చూసే మనిషిని. సగటుకి ఉన్న సుగుణం, జబ్బు రెండూ ఒకటే: లోపలి తేడాల్ని మాయం చేస్తుంది. ఒక ఇంటికి చాలినంత తిండి వచ్చిందని కాగితం చెప్తున్నప్పుడు, ఆ ఇంట్లోనే ఒకరు చాలక పడుకుని ఉండొచ్చు.

పైగా కెలోరీల్లో 0.8 అయిన మనిషి, ఇనుము దగ్గరికొచ్చేసరికి ఒకటిన్నర అవుతుంది. మన హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో వేసిన సిఫారసుల్లో రోజుకు మగవాడికి 19 మిల్లీగ్రాముల ఇనుము, ఆడవాళ్ళకు 29. నెలసరి ఉంది కాబట్టి అంత తేడా. గర్భం, కాన్పు వస్తే ఆ భారం ఇంకా పెరుగుతుంది. ఇప్పుడు లాంబెత్ కంచాలు మళ్ళీ చూడండి. శరీరం తేలిగ్గా తీసుకునే ఇనుము ఉన్న మాంసం మగవాడికి వెళ్తోంది. ఆవిడకు దక్కేది రొట్టె, దానితోపాటు ఇనుమును ఒంటికి పట్టనివ్వని టీ. కడుపు నిండినట్టే ఉంటుంది, రక్తం మాత్రం పలచబడుతుంది. పంపకం ఆకలి రూపంలోనే బయటపడాలని లేదు. నీరసం రూపంలో వస్తుంది, ఆయాసం రూపంలో వస్తుంది, తక్కువ బరువుతో పుట్టిన బిడ్డ రూపంలో వస్తుంది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15–49 ఏళ్ళ ఆడవాళ్ళలో 57 శాతానికి, మగవాళ్ళలో 25 శాతానికి రక్తహీనత ఉంది. పట్నాల్లో కూడా ఆడవాళ్ళలో సగానికి పైనే. ఈ తేడా అంతా కంచంలోంచే వచ్చిందని అనలేం, శరీర ధర్మం కూడా ఉంది. కానీ ఎక్కువ కావాల్సిన మనిషికే తక్కువ వడ్డించే ఇంట్లో ఆ తేడా పూడే దారి లేదు.

‘మరి వాళ్ళే అడగొచ్చు కదా’ అంటారు కొందరు. దీనికి అమర్త్యసేన్ పదేపదే చెప్పే ఉదాహరణ ఒకటుంది. బెంగాల్ కరువు వచ్చిన మరుసటి ఏడాది, 1944లో, కలకత్తా దగ్గర సింగూరులో ఒక ఆరోగ్య సర్వే జరిగింది. భార్య పోయిన మగవాళ్ళలో 48.5 శాతం తమ ఒంట్లో బాగోలేదనో అంతంత మాత్రమనో చెప్పారు. భర్త పోయిన ఆడవాళ్ళలో ఆ మాటన్నది 2.5 శాతమే. వితంతువుల బతుకు ఎలా ఉండేదో తెలిసినవాళ్ళెవరూ వాళ్ళు అంత ఆరోగ్యంగా ఉన్నారని నమ్మరు. తన ఒంటిని గురించి అనుకోవడమే అలవాటు లేని మనిషిని ‘ఎలా ఉన్నావు’ అంటే ‘బానే ఉన్నా’ అంటుంది. ‘అమ్మ చివర్లో తింటుంది’ అనేది మన కథల్లో, సినిమాల్లో ఒక గొప్ప గుణంగా ఎన్నిసార్లు వచ్చిందో లెక్కలేదు. ఆ గుణం ఖరీదు ఎంతో రక్తపరీక్షలో తెలుస్తుంది.

దీన్ని ప్రభుత్వాలు నెమ్మదిగా, రెండు దారుల్లో అర్థం చేసుకున్నాయి. ఒకటి, ఎవరి చేతికివ్వాలి అన్నది. 1911 బ్రిటిష్ బీమా చట్టం కాన్పుకు 30 షిల్లింగులు ఇచ్చింది. ఆ డబ్బు తల్లిదేనని చట్టంలో రాయించడానికి మహిళా సహకార సంఘాలు ఇంకో రెండేళ్ళు పోరాడాల్సి వచ్చింది. 1945లో కుటుంబ భత్యం బిల్లు వచ్చినప్పుడు అది తండ్రి సొత్తు అని రాశారు. ముప్ఫై ఏళ్ళుగా దాని కోసం కొట్లాడిన ఎలినోర్ రాత్‌బోన్, అలాగైతే తను ఒప్పుకోనని పార్లమెంటులో నిలబడింది. చివరికి తల్లికే అయింది. మొదటి బిడ్డ తర్వాత ప్రతి బిడ్డకూ వారానికి ఐదు షిల్లింగులు. 1946 ఆగస్టులో చెల్లింపులు మొదలయ్యేనాటికి ఆవిడ లేదు, ఆ జనవరిలోనే చనిపోయింది. మన 2013 ఆహార భద్రతా చట్టం రేషను కార్డుకు ఇంట్లో పెద్ద ఆడమనిషినే యజమానిగా రాయమంది. ఆలోచన అదే.

రెండో దారి, ఎక్కడ తినాలి అన్నది. యుద్ధకాలంలో బ్రిటన్ గర్భిణులకు ఆకుపచ్చ రంగు రేషను పుస్తకం ఇచ్చింది, పాలూ గుడ్లూ అదనంగా. కానీ పుస్తకం ఎవరి పేరున ఉన్నా కుండ ఒకటే. మన అంగన్‌వాడీలూ ఇదే చూశాయి. గర్భిణికని ఇంటికి పంపిన సరుకు ఇంటిదైపోతుంది. అందుకే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2013లో అమృతహస్తం పథకం, తర్వాత తెలంగాణలో ఆరోగ్యలక్ష్మి, గర్భిణులూ బాలింతలూ కేంద్రానికే వచ్చి అన్నం, పప్పు, గుడ్డు, పాలు అక్కడే తినాలనే పద్ధతి పెట్టాయి. ఫేబియన్ మహిళలు భయపడిన ఆ పంపకానికి ఇది వందేళ్ళ తర్వాతి జవాబు.

మంచి జవాబే. అయినా నాకు ఒకచోట గుచ్చుకుంటుంది. ఇంట్లో ఇద్దరు పిల్లల్ని వదిలి వచ్చిన తల్లి, గుడ్డు ఒక్కర్తే తినడం ఎంత కష్టమో ఆ పథకం నమూనాలో ఎక్కడా ఉండదు. ఆవిడ కొంగులో దాచుకుని తీసుకెళ్తే మనం దాన్ని లీకేజీ అంటాం. నిజానికి అది ఆ ఇంట్లో ఇంకా రెండు గుడ్లు కావాలన్న కబురు. 18 షిల్లింగుల ఇళ్ళను లాంబెత్‌లో పక్కన పెట్టేసినప్పుడు పోయింది కూడా ఈ కబురే. పంచుకుంటారని తెలిసినప్పుడు చెయ్యాల్సింది ఆ ఇంటిని వదిలెయ్యడం కాదు, పంచుకున్నా తల్లికి మిగిలేంత ఇవ్వడం. ఇంట్లో ఆరుగురుంటే, ఒక కంచం కొలిచి ఇచ్చి అది అమ్మ దగ్గరే ఆగలేదని ఫిర్యాదు చెయ్యడంలో అర్థం లేదు.