పీర్ల పండుగ: బొల్లారం చెప్పే చరిత్ర

మొహర్రం ఇస్లామీయ సంవత్సరంలో మొదటి నెల పేరు. మన ప్రాంతంలో ఆ పేరు ఒక పండుగకు పేరయింది. నిజానికి అవి సంతాపదినాలు. క్రీ.శ. 680లో కర్బలా మైదానంలో, ప్రవక్త మనుమడు హుస్సేను, యజీదు రాజ్యాధికారాన్ని అంగీకరించడానికి నిరాకరించాడు. యూఫ్రటీసు నది నీరు అందకుండా చేసి, ఆ నెల పదవ నాడు యజీదు సైన్యం అతన్నీ అతని అనుచరులనూ సంహరించింది. మరణించినవారు 72 మంది అని సంప్రదాయం. ఆ రోజును షియాలు మాతంతో గడుపుతారు; సున్నీలలో అనేకులు ఉపవాసముంటారు. తెలుగు పల్లెలలో మాత్రం అవే రోజులు పీర్ల పండుగ.

ఇరాకు దేశపు ఎడారిలో జరిగిన ఒక ఘోరం తెలుగు రైతుకూ, చేతిపనివానికీ సొంత పండుగ ఎలా అయింది? దీనికి సాధారణంగా రెండు జవాబులు చెబుతారు. నవాబుల ఔదార్యం అని కొందరు. మతసామరస్యం అని మరికొందరు. మొదటిది సగం నిజం. రెండవది జవాబే కాదు. జవాబు కావలసిన ప్రశ్నకు పెట్టిన ముద్దుపేరు.

రాజపోషణ ఉన్న మాట వాస్తవమే. గోలకొండ కుతుబ్‌షాహీలు షియాలు. 1591లో హైదరాబాదుకు పునాది వేసిన మహమ్మద్ కులీ కొద్ది సంవత్సరాలలోనే బాద్‌షాహీ ఆషూర్‌ఖానా కట్టించాడు. 1687లో ఔరంగజేబు గోలకొండను జయించడంతో ఆ రాజవంశమే అంతమయింది. తరువాతివారైన అసఫ్‌జాహీలు సున్నీలు. అయినా కాలక్రమాన ఆ పోషణను తిరిగి సాగించారు. దర్బారు ఆదరణే ఈ పండుగకు ప్రాణమయితే, 1687లో కాకపోయినా, 1948లో నిజాం పాలన అంతమయిన తరువాతనైనా పల్లెల్లో పీర్లు లేవకుండా పోవలసింది. అలా జరగలేదు. అంటే వేరు మరెక్కడో ఉంది.

ఆ వేరు ఆచారాలలోనే కనిపిస్తుంది. పీరు అంటే పంజా ఆకారంలోనో, ఆకు ఆకారంలోనో ఉండే లోహపు చిహ్నం. కర్రకు తొడిగి పట్టుబట్టలు చుడతారు. దానిని నిలిపే చోటు పీర్ల చావడి. ఎదురుగా గుండం తవ్వి నిప్పు వేస్తారు. ఊదు పొగ, మలీదా, షర్బత్తు, మొక్కులు, పీరు ఎత్తినవానికి పూనకం, రాత్రివేళ సవారి, పులివేషాలు, గుండం చుట్టూ ఆట, చివరినాడు నీటికి సాగనంపడం - ఇదీ క్రమం. అనేక గ్రామాలలో దూదేకులవారు ముజావర్లుగా ఉంటారు. పీరు ఎత్తేవారిలోనూ, మొక్కేవారిలోనూ హిందువులే ఎక్కువగా ఉన్న ఊళ్ళకు కొదవ లేదు. ఏలూరువాడయిన జాఫర్ షరీఫ్ దక్కను ముస్లిముల ఆచారాలను గ్రంథస్థం చేయగా, మద్రాసు సైన్యంలో వైద్యుడయిన హెర్క్‌లాట్స్ దాన్ని 1832లో ఇంగ్లీషులో ప్రకటించాడు. నిప్పుగుండమూ, మొహర్రం వేషాలూ ఆ పుస్తకంలో సవిస్తరంగా ఉన్నాయి. కనుక ఇదంతా నిన్నమొన్న కల్పించిన సరదా కాదు.

మన రైతు పండుగలలో అధికభాగం పంటతోనో, ఋతువుతోనో ముడిపడి ఉంటాయి. చాంద్రమానాన్ని అనుసరించే మొహర్రం అలాంటిది కాదు. ఏటా సుమారు పదకొండు రోజులు ముందుకు జరుగుతూ, దాదాపు 33 ఏళ్ళలో ఋతువులన్నింటినీ చుట్టివస్తుంది. వ్యవసాయపు పంచాంగంలో దానికి స్థానం లేదు. అయినా రైతు దాన్ని తన ఇంటికి తెచ్చుకున్నాడంటే, అతనికి అంతకు ముందే పరిచితమయినదేదో అందులో ఉండి ఉండాలి. అది అన్యాయంగా చంపబడిన వీరుని ఆరాధన. పల్నాటి యుద్ధంలో కూలిన వీరుల ఆయుధాలకు కారెంపూడిలో నేటికీ తిరునాళ్ళు జరుగుతాయి. కాకతీయరాజు అడిగిన కప్పం కట్టలేక పోరాడి మరణించారని కథ చెప్పే సమ్మక్క సారలమ్మలకు మేడారంలో జాతర జరుగుతుంది. రాజుకు తలవంచక చనిపోయినవాడు దేవుడవుతాడు. అతని గుర్తు ఒక లోహపు ఆయుధమో, కర్రో, కుంకుమ భరిణో అవుతుంది. ఈ భావం తెలిసిన ప్రజలకు హుస్సేను కథ పరాయి కథ కాదు. అతని మతమేదని విచారించేముందే, అతని చావు ఎటువంటిదో వారు గుర్తించారు.

ఇక సికిందరాబాదు సంగతి. 1798 సైన్యసహకార ఒప్పందం తరువాత హుస్సేన్‌సాగరుకు ఉత్తరాన వెలసిన బ్రిటిషు దండు ఇది. 1806లో నిజాం సికందర్ జా పేర దీనికి నామకరణం జరిగింది. దానికి ఉత్తరాన ఉన్న బొల్లారంలో హైదరాబాదు కంటింజెంటు మకాం ఉండేది. ఈ సైన్యం ఖర్చుల కోసమే 1853 ఒప్పందంలో కంపెనీ బీరారును తన అధీనం చేసుకుంది. బీరారు రైతు కట్టిన శిస్తుతో గుర్రాలు మేశాయి. ఆజ్ఞలు మాత్రం బ్రిటిషు అధికారులవి.

1855లో ఈ దళానికి అధిపతి కోలిన్ మెకంజీ. క్రైస్తవ మతనిష్ఠ మెండుగా కలవాడు. ఆ సంవత్సరం మొహర్రం ముఖ్యదినాలలోకి ఒక ఆదివారం వచ్చింది. ఆదివారం ఊరేగింపులూ వాద్యాలూ కూడవని ఆజ్ఞ వెలువడింది; తరువాత దాన్ని కొంత సడలించారు. కాని అప్పటికే సిపాయిల మనసులు విరిగాయి. సెప్టెంబరు 21, శుక్రవారం నాడు మూడవ అశ్విక దళంవారి ఊరేగింపు అతని బంగళా దాపున సాగింది. అతడు బయటికి వచ్చి జెండాలు లాక్కున్నాడు. కొంతసేపటికి సిపాయిలు అతనిపై కత్తులతో పడి తీవ్రంగా గాయపరిచారు. అతడు బ్రతికి బయటపడ్డాడు. గవర్నర్ జనరల్ డల్హౌసీ ప్రభుత్వం సయితం అతని దుందుడుకుతనాన్ని తప్పుపట్టింది.

దీన్ని స్వాతంత్ర్య సమరమని పొగడనక్కర లేదు. ఆ సిపాయిలు జీతానికి పనిచేసినవారే. అయితే మతోన్మాదమని కొట్టివేయడం అంతకన్న పెద్ద పొరపాటు. ఏడాదిలో మిగిలిన దినాలలో కవాతూ, బూజుకర్రా, సెల్యూటూ అన్నీ దొరవి. ఈ పది రోజులు మాత్రం వీధి సిపాయిది. జెండా కూడా అతనిదే. మెకంజీ లాక్కున్నది ఆ ఒక్క జెండానే. ఇరవై నెలల తరువాత మీరట్‌లో తిరుగుబాటు చెలరేగింది. 1857 జులై 17న తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అల్లావుద్దీన్‌ల నాయకత్వాన హైదరాబాదు రెసిడెన్సీపై దాడి జరిగింది. బొల్లారం వాటికి కారణం కాదు. పాలకులు గ్రహించని హెచ్చరిక మాత్రం అవును.

అలాగని పీర్ల పండుగను సమసమాజపు నమూనాగా చిత్రించడం కూడా ఆత్మవంచనే. చావడి ముందర అందరూ ఆడిన ఊళ్ళోనే డప్పు కొట్టే మాదిగవానిది వెట్టి. సవారి దొర గడీ ముందు ఆగి కట్నం పుచ్చుకునేది. పదకొండవ రోజు తెల్లవారేసరికి ఎవరి వాడకు వారు, ఎవరి బావికి వారు. పండుగ ఆ గోడలను కూల్చలేదు. వాటిలో ఒక ద్వారాన్ని తెరచి ఉంచింది.

ఈనాడు ఆ ద్వారాన్నే మూయించాలని రెండు వైపుల నుండీ ఒత్తిడి వస్తున్నది. ఇది గ్రంథాలలో లేదు గనుక ఇస్లాం కాదని ఒక శుద్ధివాది. ఇది హిందువు చేయదగినది కాదని మరొక శుద్ధివాది. ఇద్దరి తర్కమూ ఒకటే: ప్రజలు తమ అనుభవంతో నిర్మించుకున్నదాన్ని పుస్తకం అనుమతిస్తేనే ఉండనివ్వాలి. మెకంజీ ఆజ్ఞ వెనుక ఉన్నదీ ఆ తర్కమే.

వారికి సామరస్యమనే మాటతో సమాధానం చెప్పలేము. చావడికి ఇనాం భూమి ఎంత ఉండేది, అదిప్పుడు ఎవరి చేతిలో ఉంది, పీరు ఎవరు ఎత్తారు, డప్పు ఎవరు కొట్టారు, గుండానికి కట్టెలు ఎవరు మోశారు - ఇవి తెలిస్తేనే పండుగ ఎవరిదో తేలుతుంది. బొల్లారంలోనూ, బస్తీల్లోనూ, పల్లెల్లోనూ చెప్పగల వృద్ధులు ఇంకా ఉన్నారు. అడిగి వ్రాయవలసిన పని విద్యార్థులది, ఉపాధ్యాయులది.