హెచ్చరిక మాట స్పష్టత: నెల్లూరు తీరం

తుపాను గాలిలో మైకు ఎంత గట్టిగా మోగినా, చెప్పింది ‘ఇరవై’యో ‘అరవై’యో తెలియకపోతే ఆ కబురు సగమే చేరినట్టు. గొంతు వినబడడం ఒకటి, మాట తెలియడం మరొకటి. ఈ రెంటి మధ్య తేడా ఎంతో లెక్కగట్టి, దాన్ని తగ్గించే విద్యే మాట స్పష్టత అధ్యయనం. టెలిఫోను కంపెనీల్లోనూ చెవి పరీక్షల గదుల్లోనూ పెరిగిన ఈ విద్యకు నెల్లూరు తీరంలో తుపానులతో ముడి పడింది. 1927 నవంబరులో నెల్లూరును, 1989 నవంబరులో కావలి ప్రాంతాన్ని పెను తుపానులు తాకాయి. ఇక్కడ మాట తెలియడం ప్రాణాలతో పని.

మైకులు రాకముందు పల్లెల్లో కబురు టముకుతో నడిచేది. దండోరా వేసే మనిషి వీధి మలుపులో నిలబడి ముందు టముకు కొడతాడు. జనం చేతిలో పని ఆపి గడపలోకి వస్తారు. అప్పుడు టముకు ఆపి, అందరికీ అలవాటైన ‘ఇందుమూలంగా యావన్మందికీ’తో ఎత్తుకుంటాడు. అసలు సంగతి నోట వచ్చేసరికి చెవులన్నీ అటే ఉంటాయి. అదే సంగతి మళ్లీ తర్వాతి మలుపులో. ముందు చప్పుడు, ఆపైన నిశ్శబ్దం, ఆ తర్వాతే మాట. ఈ వరసను కనిపెట్టినవారి పేరు చరిత్రకు ఎక్కలేదు గానీ, తర్వాత వచ్చిన యంత్రాలన్నీ దీన్నే పాటించాయి.

రేవుల్లో వేరే దారి పట్టారు. 1865లో కలకత్తాతో మొదలైన రేవు సంకేతాలు కంటికే చెబుతాయి: పగలు స్తంభానికి ఎత్తిన శంకువులు, డోలు ఆకారాలు, రాత్రి ఎర్ర దీపాలు, తెల్ల దీపాలు. కానీ ఆ నంబర్లనే రేడియోలోనో ఊరి మైకులోనో చెప్పేటప్పుడు భారం మళ్లీ చెవి మీదే పడుతుంది. మూడో నంబరు అంటే రేవులో ఈదురుగాలుల సూచన. ఏడో నంబరు అంటే తుపాను రేవు మీదుగానో దగ్గరగానో తీరం దాటబోతున్న ప్రమాదం. తెలుగులో ‘మూడో’, ‘ఏడో’ రెండూ ‘డో’తోనే ముగుస్తాయి. మొదటి అక్షరం గాలికి పోతే మిగిలేది ఒకటే.

ఇలాంటి పొరపాట్లను అంకెల్లోకి దించింది అమెరికా టెలిఫోను ఇంజినీర్లు. 1910లో జార్జ్ కాంప్‌బెల్ అర్థంలేని అక్షరాలను ఫోనులో చదివించి, అవతల విన్నవారు రాసినవాటితో సరిచూశాడు. అర్థం ఉన్న మాటలైతే మనిషి సగం విని మిగతా సగం ఊహించేస్తాడు మరి. ఆ పనిని బెల్ ప్రయోగశాలల్లో హార్వే ఫ్లెచర్ బృందం ముందుకు తీసుకెళ్లింది. 1947లో ఫ్రెంచ్, స్టైన్‌బర్గ్ అనే ఇద్దరు ఏ పౌనఃపున్యం మాటకు ఎంత తోడ్పడుతుందో లెక్కగట్టారు. గొంతు బలమంతా అచ్చుల్లో ఉంటుంది, తెలివిడి మాత్రం సుమారు 1,000 నుంచి 4,000 హెర్ట్‌జ్ మధ్య పలికే నీరసమైన హల్లుల మీద ఎక్కువగా నిలుస్తుంది. అల హోరు ముంచేసేది వాటినే. 1970ల ఆరంభంలో నెదర్లాండ్స్‌లో హౌట్‌గాస్ట్, స్టీనెకెన్ యంత్రంతోనే 0 నుంచి 1 దాకా స్పష్టతను కొలిచే సూచికను తెచ్చారు.

1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెన వేలమందిని పొట్టన పెట్టుకుంది. స్తంభాలు కూలితే తీగల మీద వచ్చే కబురు ఆగిపోతుంది. ఆ చిక్కును విడదీసింది 1983లో కక్ష్యకు చేరిన ఇన్సాట్-1బి ఉపగ్రహం. 1980ల నడుమ భారత వాతావరణ శాఖ దక్షిణాంధ్ర, ఉత్తర తమిళనాడు తీరాల్లో ఉపగ్రహ రిసీవర్లు పెట్టింది. ప్రమాదం ఉన్న ప్రాంతపు పెట్టెలను మాత్రమే సంకేతంతో మేల్కొల్పవచ్చు. ముందు సైరను మోగుతుంది, ఆపైన తెలుగులో గొంతు పలుకుతుంది. టముకు వరసే ఇది. తర్వాతి కాలంలో ఆంధ్ర తీరానికి 101 డిజిటల్ రిసీవర్లు వచ్చాయి. గంటగంటకూ ఇంగ్లిష్, హిందీ, ప్రాంతీయ భాషల్లో సమాచారం పంపే ఏర్పాటు జరిగింది.

పెట్టె దాకా మాట చక్కగానే వస్తుంది. చిక్కంతా పెట్టె నుంచి చెవి దాకా ఉన్న దారిలో.

ధ్వని సెకనుకు సుమారు 340 మీటర్లు పోతుంది. వినేవాడికి ఒక మైకు హారను కంటే రెండోది 34 మీటర్లు ఎక్కువ దూరంలో ఉంటే, దాని గొంతు సెకనులో పదోవంతు ఆలస్యంగా చేరి మొదటిదాని మీద పడుతుంది. తెలుగుకు ఇది మరీ చేటు. ‘గడి’కీ ‘గడ్డి’కీ తేడా ఏమిటి? నాలుక ‘డ’ దగ్గర ఆగిన ఆ చిన్న మౌనమే. ప్రతిధ్వని వచ్చి ఆ మౌనాన్ని పూడ్చేస్తే ఒత్తు మాయమవుతుంది. శబ్దం పెంచితే ప్రతిధ్వనీ పెరుగుతుంది కాబట్టి లాభం లేదు. హారన్లను ఒకే చోట నుంచి బయటికి తిప్పి పెట్టడం, ముక్కముక్కకీ ఆగడం, అంకెను రెండు విధాలుగా చెప్పడం పనికొస్తాయి: ‘అరవై, ఆరు సున్నా’. విమానాల రేడియోల్లో 1956 నుంచి వాడుతున్న అక్షరాల పేర్ల వెనుక ఉన్నదీ ఇదే ఆలోచన.

తెలుగు చెవిని ఇంగ్లిష్ పదాల జాబితాలతో కొలవడం కుదరదు. ఇంగ్లిష్ పరీక్షలు ఏకాక్షర పదాల మీద నడుస్తాయి. తెలుగు మాట సాధారణంగా అచ్చుతో ముగుస్తుంది, రెండు మూడు అక్షరాలు లేనిదే నిండదు. 2012లో ఎస్.బి. రత్నకుమార్, పంచానన్ మొహంతి తెలుగు పెద్దల కోసం ప్రత్యేకంగా మాట గుర్తింపు పరీక్షలను ప్రతిపాదించారు. అవి వినికిడి లోపాన్ని అంచనా వేయడానికి ఉద్దేశించినవి. అలాంటి జాబితాలను ఒడ్డున, గాలిలో, నిజమైన హారన్ల కింద చదివించి చూడడం ఎంతో అవసరం. అందులో ఈ తీరపు పట్టపు మత్స్యకారులనూ కూర్చోబెట్టాలి. వాళ్ల ఇళ్లలో నడిచేది తమిళం, తెలుగు కలగలిసిన మాట. ‘వాయవ్య దిశగా పయనించి’ వంటి బులెటిన్ తెలుగు వాళ్లకు అడ్డం పడకూడదు.

నడి సముద్రంలో పడవవాళ్లకు ఇంజను రొద తోడవుతుంది. అత్యవసర పిలుపులకు వీహెచ్‌ఎఫ్ 16వ ఛానెల్ ఉంది. రేడియో మర్యాద ప్రకారం ముఖ్యమైన సంగతి విన్నవాడు దాన్ని తిరిగి చెప్పాలి. అవతలివాడు ‘ఏడు’ అంటే ఇవతలివాడు ‘ఏడు’ అనాలి. ‘మూడు’ అన్నాడంటే మొదటివాడు మళ్లీ చెబుతాడు.