మూసీకి చేరిన గోళీల మందు

జ్వరమొస్తే మనం మింగే సిప్రోఫ్లాక్సాసిన్ గోళీకి, మన మూసీకి సంబంధం ఉంది. ఓపిగ్గా చదవండి.

2007లో స్వీడన్ శాస్త్రవేత్త జోకిమ్ లార్సన్ బృందం పటాన్‌చెరు ఉమ్మడి శుద్ధి కేంద్రం వదిలే నీళ్లపై చేసిన పరీక్షల ఫలితాలు ప్రచురించింది. సుమారు 90 మందుల కంపెనీల మురుగు అక్కడికొచ్చేది. శుద్ధి అయిన నీళ్లలోనే లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఆ మందు తేలింది. గోళీ మింగినోళ్ల రక్తంలో కూడా అంత ఉండదు.

అప్పట్లో ఆ నీళ్లు నక్కవాగు మీదుగా మంజీరకు పోయేవి. తర్వాత పైపులైన్ వేసి హైదరాబాద్‌లోని అంబర్‌పేట శుద్ధి కేంద్రానికి మళ్లించారు. అది దాటితే మూసీ. మూసీ అంటే మన నల్లగొండ పొలాలే కదా!

శుద్ధి కేంద్రంలో మురుగును తినేది బ్యాక్టీరియా. ఈ మందేమో బ్యాక్టీరియాను చంపేది. చావకుండా మిగిలినవి మొండికేస్తాయి. రేపు మనకు రోగమొస్తే గోళీ పనిచేయదు.

దీనికో ఉపాయం ఉత్తేజిత కార్బన్, అంటే కొబ్బరి చిప్పల్లాంటి వాటితో చేసే బొగ్గు. ఒక్క గ్రాము బొగ్గులోని సన్న రంధ్రాల గోడలన్నీ పరిస్తే పది గుంటల జాగా అవుతుంది. మందు ఆ గోడలకు అంటుకుంటుంది. బొగ్గు నిండితే మార్చాలి, పాతదాన్ని జాగ్రత్తగా కాల్చాలి. పారేస్తే మళ్లీ అదే విషం.

నది మొత్తానికి బొగ్గు పోయలేం. అందుకే ఆ జల్లెడ కంపెనీ గేటు లోపలే ఉండాలి. మనం అడగాల్సింది అదే.